గ్రంథాలూ – గ్రంథులూ

నేను తెలుగు పండితుణ్ణి. పండితుణ్ణంటే మరీ పెద్దమాట అవుతుందేమో, ఎం.ఏ. పట్టా పుచ్చుకొని, గద్వాలలో కాలేజీ పిల్లలకు ఛందస్సూ వ్యాకరణమూ చెప్పుకొంటూ కాలక్షేపం చేస్తున్నవాణ్ణి. నాకు గ్రంథాలతోనే గాని గ్రంథులతో ఎన్నడూ పని పడలేదు. నిజానికి రెండు మాటలకూ మూలం ఒకటే. ముడివేయడం, కూర్చడం అనే అర్థమిచ్చే సంస్కృత ధాతువు. తాటాకులను దారంతో కూర్చి ముడివేస్తే గ్రంథం; ఒంట్లో ముడిపడినట్లుండేది గ్రంథి. ఈ సంగతి తరగతిలో చెప్పి పిల్లలచేత ‘ఓహో’ అనిపించుకోవడం ఏటా నాకు అలవాటు. ఆ రెండో ముడి మా యింటికే వచ్చి బిగుసుకొంటుందని మాత్రం కలలోనైనా అనుకోలేదు.

మాది మూడూళ్ళ సంసారం. ఉద్యోగం గద్వాల. పుట్టిన వూరు వనపర్తి. అత్తవారిది నాగర్‌కర్నూలు. ఒకప్పుడు మూడూ మహబూబ్‌నగరు జిల్లాలోవే; 2016 అక్టోబరులో మూడూ వేరువేరు జిల్లాలకు ముఖ్యపట్టణాలైనవి. ‘‘పుట్టింటికి పోవాలంటే మూడు జిల్లాలు తిరగాలి, ఇంతకన్న దూరం సంబంధం చేసికొన్నవాళ్ళు మా వంశంలో లేరు’’ అని మా ఆవిడ అప్పుడప్పుడు దెప్పుతూ వుంటుంది.

రెండేళ్ళ కిందటి మాట. మా పిల్లవాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. చలికాలం వస్తే వాడికి ఆయాసం, రాత్రిళ్ళు పిల్లికూతలూ మామూలే. సంక్రాంతి సెలవులకు నాగర్‌కర్నూలు వెళ్ళి, కేసరి సముద్రం కట్టమీద చలిగాలిలో గాలిపటాలు ఎగరేసి, రాత్రికల్లా ఆయాసం తెచ్చుకొన్నాడు. మా మామగారు గాభరాపడి తమకు తెలిసిన ఒకాయన దగ్గరకు తీసికొని పోయినారు. ఆయన చిన్న తెల్లమాత్రలు ఇచ్చినాడు. పూటకొకటి చొప్పున రోజుకు రెండు.

ఏమి మాత్రలండీ అవి! మూడోనాటికి పిల్లికూతలు మాయమైనవి. వారానికి ఆకలి పుట్టింది. ఎన్నడూ రెండో ముద్ద అడిగి ఎరుగనివాడు జొన్నరొట్టె మీద రొట్టె వేయించుకొని తినసాగినాడు. నెల తిరిగేసరికి బుగ్గలు పూరీలలాగ పొంగినవి. మా అత్తగారు ఫోనులో మనవడి ముఖం చూసి, ‘‘చూసినారా అల్లుడుగారూ, పిల్లవాడు ఎంత కళగా అయినాడో!’’ అని మురిసిపోయింది. నేనూ మురిసినాను. మాత్రలు అయిపోయినప్పుడల్లా ఖాళీ అట్ట పట్టుకొని పోయి, దుకాణంలో చూపించి, మళ్ళీ కొని తెచ్చేవాణ్ణి. ఆ అట్టమీద సన్నని అక్షరాలు వుండేవి. నేను చదవలేదు. శిథిలమైన తాళపత్రంలో అరసున్న వున్నదా లేదా అని భూతద్దం పెట్టి గంటసేపు చూసేవాణ్ణి. కన్నకొడుకు నోట్లో వేసే మాత్ర పేరు చదవలేదు. ఈ వ్యాసమంతా ఆ చదవకపోవడం గురించే.

మహాశివరాత్రికి వనపర్తిలో మా చెల్లెలింటికి పోయినాము. దాని కూతురికి ఏడేళ్ళు. పిల్లలిద్దరూ రెండు రాత్రులు ఒకే దుప్పటిలో దూరి కథలు చెప్పుకొన్నారు. మేము గద్వాల చేరిన మర్నాడే ఫోను వచ్చింది. మేనకోడలికి ఆటలమ్మ పోసిందట. మా అమ్మ మా దగ్గరే వుంటుంది. ‘‘పోనీలేరా, చిన్నప్పుడే పోస్తే మంచిది. వీడికి గూడ పోస్తె పీడ పోతది’’ అన్నది. నేను ఊరుకొన్నాను.

మేనకోడలి అమ్మవారు వారంలో దిగింది. అది పొక్కులు లెక్కపెట్టుకొని, ‘‘మామా, నూట ఇరవై’’ అని నాకు ఫోనులో గొప్పగా చెప్పింది. మావాడికి పదిహేనోనాడు జ్వరం వచ్చింది. మా అమ్మ గుమ్మానికి వేపమండలు కట్టింది. ఇంట్లో తాలింపు మానేసినాము. మొదటిరోజు పొక్కులు లెక్కపెట్టగలిగినాము. రెండోనాడు లెక్క తప్పింది. మూడోనాటికి ఒళ్ళంతా ఒకటే పొక్కు, కొన్ని నల్లబడినవి. నడుము పట్టుకొని ఏడ్చేవాడు. ఏడవడం మానేసి ఎగశ్వాస తీస్తూ పడుకొన్నప్పుడు నాకు మొదటిసారి భయమేసింది.

నేను మా అమ్మ ముఖం చూసినాను. వాడిని దవాఖానకు కదలనివ్వదేమో అనుకొన్నాను. ఆమే లేచి వచ్చి, ‘‘ఇది అమ్మ పోసే తీరు గాదురా. నీకూ పోసింది, నీ చెల్లెలికీ పోసింది; నేను చూడలేదా? పిల్లగాడు నీళ్ళు గూడ ముడ్తలేడు. ముడుపు నేను కడ్తా, నువ్వు బండి మాట్లాడు’’ అన్నది. తరువాత చాలామంది చదువుకొన్నవాళ్ళు నాకు చాలా సలహాలిచ్చినారు గాని, ఆ రాత్రి మా యింట్లో రోగాన్ని సరిగా చదివినది అక్షరం రాని మా అమ్మ ఒక్కతే.

గద్వాల నుంచి కర్నూలుకు అరవై కిలోమీటర్లకు అటూయిటూ వుంటుంది. ఆ దారి అంత పొడుగైనదని నాకు అంతకుముందు తెలియదు. తెల్లవారుజామున పిల్లల ఆస్పత్రిలో చేర్చినాము. డాక్టరమ్మ వాణ్ణి చూసి, ‘‘ఏ మందులైనా వాడుతున్నారా?’’ అని అడిగింది.

‘‘ఏమీ లేవండి’’ అన్నాను.

ఆమె పొక్కుల సంగతి వదిలి వాడి బుగ్గలవైపు చూసింది. ‘‘ఈ ముఖం ఎప్పటినుంచి ఇట్లా గుండ్రంగా వున్నది?’’

మా ఆవిడ మాట్లాడకుండా చేతిసంచిలోనుంచి మాత్రల అట్ట తీసి ఇచ్చింది. డాక్టరమ్మ దాన్ని తిప్పి, నేను నెలన్నర రోజులుగా చదవని అక్షరాలను ఒక్క క్షణంలో చదివి, నర్సును పిలిచి సెలైన్‌లో ఎక్కించే మందు ఒకటి చెప్పింది. ఆ మందు పేరు ఎసైక్లోవిర్ అని తరువాత తెలిసింది. ఆటలమ్మ క్రిమి పెరగకుండా ఆపే మందు. ఆ తరువాతనే మాతో మాట్లాడింది.

‘‘మాస్టారూ, మీరు ఇచ్చింది హార్మోను.’’

నేను వెర్రిముఖం వేసినాను. హార్మోను అంటే నాకు తెలిసినదల్లా మగవాడికి మీసం మొలిపించేది, ఆడదానికి గొంతు సన్నగా వుంచేది, అంతవరకే. ఆమె ఓపికగా చెప్పింది. మన ఒంట్లో కొన్ని గ్రంథులకు నాళం వుండదు. అవి తమ రసాన్ని నేరుగా నెత్తురులోకే వదులుతవి. ఆ రసాలే హార్మోనులు. ఇంగ్లండులో స్టార్లింగు అనే శాస్త్రజ్ఞుడు 1905లో, ‘కదిలించేది’ అనే అర్థం వచ్చేటట్లు గ్రీకు భాషనుంచి ఆ పేరు తీసినాడు. మూత్రపిండాలమీద టోపీలు పెట్టినట్లు రెండు గ్రంథులున్నవి. వాటినుంచి కార్టిసాల్ అనే హార్మోను వస్తుంది. తెల్లవారేసరికి ఎక్కువగా, అర్ధరాత్రికి తక్కువగా వుంటుంది. ఒంటికి జబ్బు చేసినప్పుడు మళ్ళీ పెరుగుతుంది. మా అట్టలో వున్న మాత్ర దానికి తమ్ముడువంటిదే, కర్మాగారంలో తయారైనది.

‘‘మీరు పల్లె ఎరిగినవారేగా? రోగంతో పోరాడే శక్తిని ఎద్దు అనుకోండి. ఈ హార్మోను పగ్గం. పగ్గం లేకపోతే ఎద్దు కలుపుతోపాటు పైరునూ తొక్కుతుంది. మరీ బిగించి పట్టుకొంటే అడుగు వేయదు. మీరు నెలన్నర రోజులు పగ్గం బిగించి పట్టుకొన్నారు. అదే సమయానికి ఆటలమ్మ క్రిమి వచ్చింది. మీ మేనకోడలి ఒంట్లోకి వచ్చినదీ అదే, మీవాడి ఒంట్లోకి వచ్చినదీ అదే. ఆ పిల్ల ఒంట్లో ఎద్దు లేచి తరిమింది. వీడి ఒంట్లో లేవలేదు. క్రిమి చర్మం దాటి ఊపిరితిత్తులదాకా పోయింది.’’

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదట. అమెరికాలో హెంచ్ అనే వైద్యుడు 1948లో కార్టిజోన్ అనే ఈ జాతి మందును కీళ్ళవాతంతో మంచమెక్కిన రోగికి ఇస్తే, ఆ రోగి లేచి నడిచింది. 1950లో ఆయనకూ, కెండాల్, రైక్‌స్టైన్ అనే మరి ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమానం ఇచ్చినారు. ఆ దశాబ్దం తిరగకముందే, ఈ మందు తీసికొంటున్న పిల్లలకు ఆటలమ్మ పోస్తే ప్రాణాలమీదికి వస్తున్నదని వైద్యులు వ్రాసి హెచ్చరించినారు. అంటే ఆ హెచ్చరిక నాకన్న వయసులో పెద్దది!

నాకు తల కొట్టేసినట్లయింది. ‘‘అయితే ఈ మాత్రలు ఇప్పుడే ఆపేస్తాము’’ అన్నాను.

‘‘ఆ పని చేస్తే రెండో తప్పు చేసినవారవుతారు’’ అన్నది ఆమె. బయటినుంచి రోజూ హార్మోను వచ్చి పడుతుంటే, ఒంట్లో వున్న గ్రంథి తనకు పని లేదనుకొని నిద్రపోతుంది. మాత్ర ఒక్కసారి ఆపితే అది వెంటనే లేవదు. జబ్బులో ఆ హార్మోను బొత్తిగా లేకపోవడం, ఎక్కువ వుండడంకన్న ప్రమాదం. పుట్టుకతోనే ఈ గ్రంథి సరిగా పనిచేయని పిల్లలుంటారట. వాళ్ళకు మామూలు విషజ్వరం వచ్చినా నెత్తురుపోటు పడిపోయి స్పృహ తప్పవచ్చు. అందుకే జ్వరం వచ్చిన రోజున వాళ్ళకు హార్మోను మోతాదు పెంచి ఇవ్వాలని తల్లిదండ్రులకు ముందే నేర్పుతారు. ఒక పిల్లవాడికి విషమైనది మరొకడికి ప్రాణం! మా పిల్లవాడి మాత్రను ఆమె కొద్దికొద్దిగా, వారాల తరబడి తగ్గించుకొంటూ వచ్చింది.

ఈ హార్మోనును శత్రువనుకోవద్దని ఆమె మరీమరీ చెప్పింది. చిన్నపిల్లలకు వైరస్ సోకి గొంతు లోపల వాచి, కుక్క మొరిగినట్లు దగ్గు వస్తుంది చూడండి. దానికి ఈ జాతి మందు ఒక్క మోతాదు ఇస్తే చాలాసార్లు ఊపిరి తేలిక అవుతుంది. ఆయాసం ముదిరినప్పుడు వైద్యుడు చూసి కొద్దిరోజులు ఇస్తే అదే కాపాడుతుంది. పీల్చే మందులో వుండేది బహు స్వల్పం. తిన్నగా ఊపిరితిత్తులకు పోతుంది. దానికి జంకి మానిపించడం తెలివి కాదు. కరోనా మాట మనకందరికీ తెలిసినదే. 2020 జూన్‌లో ఇంగ్లండులో జరిగిన పెద్ద పరీక్షలో, కృత్రిమ శ్వాస పెట్టిన రోగులలో డెక్సామెథసోన్ మరణాలను మూడోవంతు తగ్గించింది. ప్రాణవాయువు అక్కరలేనివారికి మాత్రం ఏ మేలూ చేయలేదు. మరుసటి ఏడు మనదేశంలో అవసరానికి మించి వాడినచోట, అందులోను మధుమేహం వున్నవారికి, నల్లఫంగసు అనే ఉపద్రవం వచ్చింది. మందు ఒకటే. ఎవరికి, ఎప్పుడు, ఎన్నాళ్ళు అన్నదే ప్రశ్న.

ఆస్పత్రిలో తొమ్మిది రోజులున్నాము. ఐదోనాడు మావాడు కళ్ళు తెరిచి జొన్నరొట్టె అడిగినాడు. మా ఆవిడ వరండాలోకి పోయి గోడవైపు తిరిగి నిలబడింది. అన్ని రోజులలో ఆమె నన్ను ఒక్కమాట అనలేదు. వాళ్ళ నాన్న ఇప్పించిన మాత్రలని నేను ఎక్కడ అంటానో అని ఆమె భయం. కొని తెచ్చి పోసినది నేనేనని ఆమె ఎక్కడ అంటుందో అని నా భయం. ఇద్దరమూ అనుకోకుండా వుండడమే మా సంసారానికి రక్ష అయింది.

మావాడు కోలుకొంటున్న కొద్దీ నాకు చూపు చుట్టుపక్కలకు మళ్ళింది. ఊయల పిల్లలున్న గదిలో మగపిల్లలే ఎక్కువగా కనిపించినారు. మా అమ్మ ఎప్పుడూ, ‘‘మగపిల్లలు సుకుమారం, ఆడపిల్లలు గట్టిపిండాలు’’ అంటుంది. నిజమేనా అని అడిగితే డాక్టరమ్మ నవ్వి, ‘‘సగం నిజం. రెండో సగం వినడానికి మీకు కష్టంగా వుంటుంది’’ అన్నది. మగపిల్లవాడికి దగ్గు వస్తే పరుగెత్తుకొని తెస్తారు. ఆడపిల్లను రెండు రోజులు చూద్దామంటారు. అదీ ఆ కష్టమైన సగం. మిగతా సగం శరీరానిది. పసిపిల్లలకు ఊపిరితిత్తులలో వచ్చే వైరస్ జబ్బులు మగపిల్లలలో ఎక్కువగా ముదురుతవి. పుట్టిన మొదటి నెలలలో మగశిశువు ఒంట్లో పురుష హార్మోను కొంతకాలం పెరిగి, తరువాత యుక్తవయసుదాకా నిద్రపోతుంది. ఆ హార్మోను పోరాటశక్తిని కొంత తగ్గించేది. స్త్రీ హార్మోను సాధారణంగా దానికి ఊతమిచ్చేది. అయినా హార్మోనులే అంతా కావు. ఆడపిల్లకు రెండుగా వున్న ఎక్స్ క్రోమోసోములో రోగనిరోధానికి సంబంధించిన జన్యువులు కొన్ని వున్నవి.

యుక్తవయసు అనగానే నాకు మా చిన్నాన్న గుర్తుకు వచ్చినాడు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు వనపర్తిలో గవదబిళ్ళలు వచ్చినవి. దవడలు వాచి నేను ఏనుగుపిల్లలాగ వుంటే, ఇరవైరెండేళ్ళ మా చిన్నాన్న వీధివీధంతా పిలిచి చూపించి నవ్వినాడు. నేను వారంలో గోలీలాటకు పోయినాను. మూడువారాలకు ఆయన పడినాడు. దవడలతో పోలేదు, బయటికి చెప్పుకోలేని చోట వాచి పదిరోజులు కాలు కదల్చలేక పడుకొన్నాడు. ఆ బాధ ఎందుకో నాకు ఇన్నేళ్ళకు తెలిసింది. యుక్తవయసు రాని మగపిల్లలకు గవదబిళ్ళలతో ఆ వాపు రావడం బహు అరుదు. వయసు వచ్చినవారిలో నూటికి పదిహేను మొదలు ముప్పై మందిదాకా వస్తుంది. నిద్రపోయే గ్రంథికి లేని బెడద మేలుకొన్న గ్రంథికి వున్నదన్నమాట. మా అమ్మ ‘‘చిన్నప్పుడే పోస్తే మంచిది’’ అనడంలో ఇంత లెక్క వున్నది! అయితే ఈ రోజులలో ఆ లెక్కకు బదులు టీకా వుండగా జబ్బుకోసం ఎదురుచూడవలసిన పని లేదు. మన రాష్ట్రంలో 2017 ఆగస్టులో తట్టుకూ రూబెల్లాకూ కలిపి ప్రభుత్వమే పెద్దయెత్తున టీకాలు వేయించింది. గవదబిళ్ళలకూ ఆటలమ్మకూ మాత్రం టీకాలు మనమే అడిగి కొని వేయించుకోవాలి.

తట్టు మాట వచ్చింది గనుక మరొకటి. నా చిన్నతనంలో పాలమూరు కూలీలు ఊళ్ళకు ఊళ్ళు ఖాళీచేసి వలసపోయేవారు. తట్టు మా యింటికీ వచ్చేది, వాళ్ళ గుడిసెకూ వచ్చేది. మా యింట్లో జ్వరమై పోయేది. అక్కడ పిల్లలను తీసికొని పోయేది. ఆకలిగొన్న ఒంట్లో గ్రంథుల సంగతి ఎట్లా వుంటుందో డాక్టరమ్మ చెప్పినప్పుడు నాకు ఆ గుడిసెలే కళ్ళముందు కదలినవి. మనిషి ఒంట్లో కొవ్వునుంచి లెప్టిన్ అనే హార్మోను వస్తుంది, 1994లో కనుగొన్నారు. తిండి లేక ఒళ్ళు చిక్కితే అది పడిపోతుంది. దానితో పోరాడే కణాల బలం సన్నగిల్లుతుంది. మరొకవైపు ఆకలి అనే కష్టానికి కార్టిసాల్ పెరుగుతుంది. రొమ్ము ఎముక వెనుక ఆ కణాలను తీర్చిదిద్దే గ్రంథి ఒకటున్నది, అది ముడుచుకొనిపోతుంది. అంటే మేము మాత్రలు కొని మావాడి ఒంట్లో బిగించిన పగ్గాన్ని, ఆకలి ఆ పిల్లల ఒంట్లో మాత్రలు లేకుండానే బిగించేది. అమ్మవారు పోసిందని పిల్లలకు తిండి తగ్గించే పథ్యం ఎంత తప్పో నాకు అప్పుడు అర్థమైంది. తాలింపు మానితే నష్టం లేదు; కడుపు మాడ్చకూడదు.

ఇవన్నీ విన్న తరువాత నన్ను ఇప్పటికీ వేధించే ప్రశ్న ఒక్కటే. మేనకోడలికి పోసిందని ఫోను వచ్చిన నాడు నేను ఊరుకొన్నాను చూడండి, ఆ రోజు మాట. అప్పటికి మావాడి ఒంటిమీద ఒక్క పొక్కు లేదు. ఆటలమ్మ క్రిమి సోకిన పది మొదలు ఇరవైఒక్క రోజులలోపల బయటపడుతుంది. ఆ మొదటి రోజులలోనే ‘మా పిల్లవాడు ఈ మాత్రలు తింటున్నాడు, ఆటలమ్మ పోసిన పిల్లతో కలిసి పడుకొన్నాడు’ అని ఏ పిల్లల వైద్యునికి చెప్పినా, ముందుగానే రక్షణకు మందు ఇచ్చే వీలుండేది. పొక్కులు కనబడేదాకా ఆగనక్కరలేదు. ఆ రెండు వారాలు నా చేతిలో వుండినవి. నేను వాటిని పాఠాలు చెప్పుకొంటూ గడిపినాను. ఇట్లాంటి మాత్రలు తినే బిడ్డ వున్న ఏ తల్లిదండ్రులైనా ఈ నాలుగు పంక్తులు గుర్తుంచుకొంటే, నా పరువు ఇట్లా పత్రికకెక్కినందుకు విచారించను. 2022లో వనపర్తిలోనూ నాగర్‌కర్నూలులోనూ వైద్యకళాశాలలు వచ్చినవి. అడగడానికి మనిషి దొరకని రోజులు కావివి. అడగాలని తోచాలి, అంతే.

ఇంటికి వచ్చిననాడు మా అమ్మ ముడుపు విప్పి పోచమ్మకు చెల్లించింది. డాక్టరమ్మ చెప్పినదంతా నేను ఎద్దూ పగ్గమూ సహా ఆమెకు వినిపించినాను. శ్రద్ధగా విని, ‘‘అంతేగద కొడుకా. అమ్మ అందరిండ్లకు ఒక్క తీరుగనే వస్తది. ఇల్లు ఎట్లున్నదో చూసుకొని కూసుంటది’’ అన్నది. అంత ఉపన్యాసమూ ఆమె చేతిలో రెండు వాక్యాలైంది.

మామగారిని నేను ఏమీ అనలేదు. ఆయనే ఒకరోజు పీల్చే మందు గొట్టం పట్టుకొని, దాన్ని ఎట్లా వాడాలో మనవడిచేత నేర్చుకొంటూ కనిపించినారు. ఇప్పుడు మా యింట్లో ఏ మాత్ర వచ్చినా ముందు అట్ట నా చేతికి వస్తుంది. భూతద్దం తాళపత్రాలను వదిలి మందుల అలమరలోకి మారింది.

మొన్న పండుగకు నాగర్‌కర్నూలు పోయినాము. గుమ్మంలోనే మా అత్తగారు మనవడి గడ్డం పట్టుకొని, ‘‘అయ్యో, బుగ్గలన్నీ కరిగిపోయినవి! ఎంత చిక్కిపోయినాడమ్మా!’’ అని బాధపడింది. నేనూ మా ఆవిడా ఒకరి ముఖం ఒకరం చూసుకొన్నాము. అంత శుభవార్త మేము ఈమధ్య వినలేదు.